ఉన్మీలనం ఎప్పుడు?

సంఘం పత్రికలో తగవులెందుకు అనే పెద్దలు మనలో ఉన్నారు. పండుగ కబుర్లు, పిల్లల పాటల పోటీ ఫలితాలు, కొత్తగా ఊళ్ళోకి వచ్చిన కుటుంబాలకు స్వాగతం, వీటితోనే పేజీలు నిండితే అందరికీ హాయి. అయినా ఈసారి మేము తగవుకే కూర్చున్నాము. కోపం వచ్చినవారు జవాబు రాయండి. తప్పక వేస్తామని సంపాదకులు మాట ఇచ్చారు.

తగవు సంగతి ఇది. 2024 ఏప్రిల్ 8, సోమవారం, మధ్యాహ్నం 1 గంట 40 నిమిషాలకు మన డల్లాసు మీద సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. నాలుగు నిమిషాలకు కాస్త తక్కువసేపు పట్టపగలు చీకటి. మెక్సికో నుంచి టెక్సాస్ మీదుగా కెనడా దాకా సాగిన ఆ నీడదారి వెడల్పు నూరు మైళ్ళ పైచిలుకు. ఆ దారిలో నిలబడడం కోసం దేశం నలుమూలల నుంచి జనం విమానాలెక్కి వచ్చారు, రాత్రంతా కార్లు నడుపుకుంటూ వచ్చారు. మనకు ఆ శ్రమ కూడా లేదు. నీడ మన వాకిట్లోకే నడిచి వచ్చింది. మనం తలుపు వేసుకున్నాము.

మేము అయిదేళ్ళుగా ఈ ఊరి ఔత్సాహిక ఖగోళ సంఘంలో సభ్యులం. అక్కడ ఎవరి చదువేమిటని ఎవరూ అడగరు. ఒకాయన ఇళ్ళలో కుళాయిలు, పైపులు బాగుచేస్తాడు. ఒకావిడ బడిలో లెక్కలు చెప్పి రిటైరయింది. మరొకాయన లారీ మెకానిక్కు. రాత్రిపూట తలెత్తి చూడాలన్న కోరిక ఒక్కటే అందరికీ ఉన్న అర్హత. గ్రహణానికి నెల్లాళ్ళ ముందు ఆ సంఘంవారు మా ద్వారా మనవారికి కబురంపారు. పార్కులో తగిన ఫిల్టర్లతో రెండు టెలిస్కోపులు పెడతాం, నూరు కళ్ళజోళ్ళు ఉచితంగా ఇస్తాం, మీవాళ్ళందరినీ పిల్లాపాపలతో రమ్మనండి అని.

మన కార్యవర్గంలో దానిమీద చర్చ పది నిమిషాలు కూడా సాగలేదు. "గ్రహణం పూట సంఘం పేరుతో కార్యక్రమమా? అదీ ఉగాది ముందు రోజు, అమావాస్య నాడు! ఎవరికైనా ఏదైనా అయితే ఎవరిది పూచీ?" అన్నారు. సూర్యగ్రహణం అమావాస్య నాడు కాక పౌర్ణమి నాడు వస్తుందా అని అడగాలనిపించింది. పెద్దలని ఊరుకున్నాము. ఇప్పుడు అడుగుతున్నాము.

చివరికి పార్కుకు వచ్చినవి మాతో కలిపి నాలుగు తెలుగు కుటుంబాలు. నూరు కళ్ళజోళ్ళలో మనవాళ్ళు పెట్టుకున్నవి పదమూడు. తక్కినవి అక్కడ ఆడుకుంటున్న పిల్లలూ, వాళ్ళ అమ్మానాన్నలూ పోటీపడి తీసుకున్నారు.

రానివారికి ఏం పోయిందో చెప్పవలసిన బాధ్యత మాకుంది. పొద్దుటినుంచీ మబ్బు. మధ్యాహ్నానికి మబ్బు పలచబడి సూర్యుడు కనిపించాడు. ఎండ ఉన్నట్టే ఉండి వేడి తగ్గింది. చెట్టుకింద ఆకుల సందుల్లోంచి నేలమీద పడే వెలుగు చుక్కలన్నీ నెలవంకలయ్యాయి. చివరి వెలుగు ఉంగరంలో రాయిలా మెరిసి ఆరిపోయింది. కళ్ళజోళ్ళు తీసేశాము. నల్లని బింబం చుట్టూ తెల్లని వలయం, అడుగు అంచున గులాబిరంగు జ్వాల ఒకటి, ఒక పక్క శుక్రుడు, మరో పక్క గురుడు. ఎనిమిదేళ్ళ మా అమ్మాయి వెలుగు తిరిగి రాగానే మా చెయ్యి పట్టుకుని, "మళ్ళీ పెట్టమనవా?" అంది. ఆ లారీ మెకానిక్కు ముఖం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

ఇక తలుపులు వేసుకున్నవారు చెప్పే కారణాలు ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది ఆరోగ్యం. ఇది మా వృత్తి కనుక దీని దగ్గర కొంచెంసేపు ఆగుతాము. గ్రహణానికి రెండు రోజుల ముందు ఒక చెల్లెలు ఫోను చేసింది. ఏడో నెల. పెద్ద కంపెనీలో ఇంజనీరు. "డాక్టరుగారూ, ఆ రోజు పొద్దుటినుంచీ మంచినీళ్ళు కూడా ముట్టుకోవద్దని, వెల్లకిలా కదలకుండా పడుకోమని ఇండియా నుంచి అత్తయ్యగారు చెబుతున్నారు. కాదంటే బాగుండదు. చేయాలంటే భయంగా ఉంది," అంది. శిశువు పెదవి చీలికకు మన భాషలో ఉన్న పేరే గ్రహణం మొర్రి. ఆ పేరే సగం పాపం చేసింది. పిండానికి పై పెదవి కలుసుకోవడం ఏడో వారానికల్లా, అంగిలి మూసుకోవడం తొమ్మిదో వారం ప్రాంతానికి పూర్తవుతాయి. ఏడో నెల వచ్చేసరికి ఆ పని ముగిసి ఎన్నో వారాలైంది. ఆకాశంలో ఏది దేనికి అడ్డం వచ్చినా ఆ పెదవి మళ్ళీ చీలదు. మొర్రికి వంశంలో వచ్చే కారణాలు కొన్ని, తల్లి పొగతాగడం, అదుపులో లేని మధుమేహం, మూర్ఛకు వాడే కొన్ని మందులు కొన్ని. ఆ జాబితాలో గ్రహణం లేదు. ఏడో నెలలో రోజంతా నీళ్ళు తాగకుండా పడుకోవడం మాత్రం తల్లికీ బిడ్డకీ మంచిది కాదు.

ఈ నమ్మకం వల్ల ఎవరికేం నష్టం, పోనిద్దురూ అనేవారికి ఒక మాట. బిడ్డ మొర్రితో పుడితే మన ఇళ్ళలో ముందు వచ్చే ప్రశ్న, "ఆ రోజు కత్తిపీట ముట్టుకున్నావా? బయటికి వెళ్ళావా?" బాలింత మంచం పక్కన నిలబడి ఆ ప్రశ్న అడగడం మేము చెవులారా విన్నాము. శస్త్రచికిత్సతో పెదవి బాగుపడుతుంది. తల్లి మీద పడ్డ నిందకు శస్త్రచికిత్స లేదు. ఈ దేశం వచ్చి, ఇంత చదువు చదివి, ఆ నిందను సామాను పెట్టెలో పెట్టుకుని తెచ్చుకోవడం మనకు తగునా?

పెద్దవాళ్ళ సంగతీ అంతే. ఇన్సులిన్ తీసుకునే ఒక బాబాయిగారు ఆ రోజు భోజనం మానేశారు కాని ఇన్సులిన్ మానలేదు. రక్తంలో చక్కెర పడిపోయి ఒళ్ళంతా చెమటలు పట్టి, మాట తడబడితే కొడుకు కంగారుగా మాకు ఫోను చేశాడు. పళ్ళరసం తాగించమన్నాము, తేరుకున్నారు. ఆయనకు గ్రహణం ఏ హానీ చేయలేదు. హాని చేసింది మన భయం.

నిజమైన ప్రమాదం ఒకటి ఉంది. దాన్ని గురించి మాత్రం మాకు ఒక్క ఫోనూ రాలేదు. సూర్యుడు పూర్తిగా కప్పబడని సమయంలో వట్టి కళ్ళతో చూస్తే కంటి వెనుక పొర దెబ్బతింటుంది. ఆ పొరకు నొప్పి తెలియదు కనుక ఆ క్షణాన ఏమీ కానట్టే ఉంటుంది. కొన్ని గంటల తరువాత చూపు నడుమ మచ్చ కనిపిస్తుంది, ఒక్కొక్కరికి అది పోదు. చిన్నప్పుడు మనలో కొందరు చేసినట్టు ఎక్స్‌రే ఫిల్ముల్లోంచి, మసిపట్టిన గాజుముక్కల్లోంచి చూడకూడదు. ఐ.ఎస్.ఓ. 12312-2 ప్రమాణానికి సరిపోయిన కళ్ళజోళ్ళు వాడాలి. సంపూర్ణంగా కప్పబడిన ఆ కొద్ది నిమిషాలు మాత్రం వట్టి కళ్ళతో నిక్షేపంగా చూడవచ్చు. ఇంతే జాగ్రత్త. దీనికి ఇల్లు మూసుకోనక్కరలేదు.

రెండో కారణం ఆచారం. ఇక్కడ మమ్మల్ని అపార్థం చేసుకోవద్దు. పట్టు స్నానం చేయండి, విడుపు స్నానం చేయండి, జపం చేసుకోండి, దానాలు ఇవ్వండి. మాకు పేచీ లేదు. కాని ఆచారం పేరుతో మీరు మూసింది సాక్షాత్తూ పంచాంగాన్నే. గ్రహణానికి మన సిద్ధాంతులు చెప్పే అయిదు ఘట్టాలు చూడండి: స్పర్శ, సమ్మీలనం, మధ్యకాలం, ఉన్మీలనం, మోక్షం. మా ఖగోళ సంఘంవారు గడియారం చేతబట్టుకుని సెకన్లతో సహా రాసుకునేవీ ఈ అయిదే. చంద్రబింబం సూర్యబింబాన్ని తాకడం స్పర్శ. పూర్తిగా కప్పడం సమ్మీలనం. మళ్ళీ మొదటి వెలుగు బయటపడడం ఉన్మీలనం. తలుపులు బిగించుకుని కూర్చున్నవాడు ఈ మాటలు పుట్టించగలడా? ఎవరో బయట నిలబడి, తలెత్తి చూసి, కాలం కొలిచి పెట్టిన పేర్లివి. ఉన్మీలనం అంటే కన్ను తెరవడం. మనం దానికి కళ్ళు మూసుకున్నాము!

ఆ వారాంతంలోనే మన సంఘంలో క్రోధి నామ సంవత్సర పంచాంగ శ్రవణం జరిగింది. హాలు కిటకిటలాడింది. ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని కాగితాల మీద రాసుకున్నవారు కూడా ఉన్నారు. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య దూరం పన్నెండు డిగ్రీలు పెరగడమనీ, ఆ లెక్క సరిపోయిందో లేదో చూపించే పెద్ద పరీక్ష ఆ సోమవారమే మన నెత్తిమీద జరిగిందనీ, పంతులుగారి లెక్క నిలిచిందనీ ఒక్కరూ అనలేదు. పంతులుగారికి రావలసిన చప్పట్లు అవి. మనం వాటిని మన రాశిఫలాలకు కొట్టాము.

మూడో కారణం చెప్పేవారు మరో తరహా. వీరు భయస్థులు కారు, ఉపన్యాసకులు. మన పూర్వులకు అన్నీ తెలుసు, తెల్లవాళ్ళు కొత్తగా చూసేదేముంది అంటారు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెత ఇలాంటివారి కోసమే పుట్టింది. అవును, సూర్యుణ్ణి కప్పేది చంద్రుడు, చంద్రుణ్ణి కప్పేది భూమి నీడ అని ఆర్యభటుడు 499 నాటికే స్పష్టంగా రాశాడు. ఆయన్ని పొగిడి, రాహుకేతువులకు భయపడి, ఇంట్లో దాక్కుంటే ఆయనకు అంతకన్న అవమానం ఏముంటుంది?

పూర్వుల గొప్పే కావాలంటే అంత దూరం పోనక్కరలేదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావుగారని ఒక జమీందారు 1840 ప్రాంతంలో సొంత డబ్బుతో తన ఇంటి దగ్గరే వేధశాల కట్టుకున్నారు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దాన్ని నడిపారు. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటినప్పుడు చూసి, కొలిచి, ఆ వివరాలు లండను రాయల్ ఖగోళ సంఘం పత్రికలో అచ్చు వేయించారు. ఇద్దరూ ఔత్సాహికులే. జీతం కోసం చేసిన పని కాదది. హైదరాబాదు వేధశాలకు మొదటి పెద్ద టెలిస్కోపు తెప్పించినది కూడా ఒక ఔత్సాహిక నవాబే. ఆ ఊళ్ళో పెరిగి, నిజాం కళాశాలలో చదివిన వైణు బప్పు 1949లో ఇదే అమెరికాకు విద్యార్థిగా వచ్చి, హార్వర్డులో ఉండగా తోకచుక్కను కనిపెట్టిన ముగ్గురిలో ఒకరయ్యారు.

ఇక మా సొంత సిగ్గు. మేము వైద్యం చదివినది గుంటూరులో. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు ఓడెక్కి వచ్చి నిలిచినది ఆ గుంటూరులోనే. మద్రాసు వేధశాల నుంచి పాగ్సన్ బందరు వచ్చాడు. సూర్యుడి అంచున కనిపించే ఆ గులాబిరంగు జ్వాలల వెలుగును జాన్సెన్ పట్టకంతో విడదీసి చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. ఎంత మెరుపంటే, మర్నాడు గ్రహణం లేకుండానే పట్టపగలు వాటిని మళ్ళీ చూశాడు. ఆ గీతల్లోని పసుపుపచ్చది భూమి మీద అప్పటికి ఎవరూ ఎరగని మూలకానిదని తేలింది. సూర్యుడి గ్రీకు పేరు మీద దాన్ని హీలియం అన్నారు. భూమి మీద అది దొరికింది 1895లో. ఈనాడు మా ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ. యంత్రంలోని అయస్కాంతాన్ని చల్లబరిచేది ద్రవ హీలియమే. రోజూ దాని పక్కనుంచే నడుస్తాము. గుంటూరులో చదివిన అన్నేళ్ళలో ఈ కథ మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. డల్లాసులో, రిటైరైన ఆ లెక్కల టీచరమ్మ మేము గుంటూరువాళ్ళమని తెలిసి, "అయితే నువ్వు హీలియం ఊరివాడివన్నమాట!" అంటే తెలిసింది.

చూడకపోవడంలో మాకూ అనుభవముంది. 1995 అక్టోబరు 24న, దీపావళి మర్నాడు, మమ్మల్ని ఇంట్లో పెట్టి గడియ వేశారు. మా ఊళ్ళో అది పాక్షికమే. అంతకు ముందు 1980 ఫిబ్రవరి 16న నీడ నల్లగొండ జిల్లా మీదుగా పోయినప్పుడు ఉస్మానియా వారి జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు పనిచేస్తుంటే, ఊళ్ళలో వీధులు నిర్మానుష్యమయ్యాయని మా పెద్దవాళ్ళు చెబుతారు. జనం బయటికి రాకుండా దూరదర్శన్ సినిమా వేసిందని నేటికీ చెప్పుకుంటారు. అప్పుడు మనవాళ్ళకు మంచి కళ్ళజోళ్ళు దొరకలేదు, చెప్పేవాళ్ళూ తక్కువ, అందుకని క్షమించవచ్చు. 2024లో మనకేం తక్కువైంది?

నాలుగో కారణం పైకి చెప్పరు కాని అన్నిటికన్న బలమైనది. దీనివల్ల పిల్లలకేం లాభం? ఒక తండ్రి మమ్మల్ని అడిగాడు, "మీ ఖగోళ సంఘానికి వస్తే మావాడికి సేవా గంటల సర్టిఫికెట్ ఇస్తారా? కాలేజీ దరఖాస్తులో చూపించుకోవచ్చా?" ఇవ్వరండీ. చలికి వణుకుతూ రెండు గంటలు నిలబడితే, శనిగ్రహం వలయం ఒక్కసారి కంటపడుతుంది. అంతే ఇస్తారు. 1995లో టామస్ బాప్ అనే ఆయన, ఫీనిక్సులో కట్టడపు సామగ్రి చేసే చోట ఉద్యోగి, సొంత టెలిస్కోపు కూడా లేనివాడు, స్నేహితుడి టెలిస్కోపులో చూస్తూ కొత్త తోకచుక్కను కనిపెట్టాడు. 1997లో లోకమంతా వట్టి కళ్ళతో చూసిన హేల్-బాప్ అదే. ఆయన ఏ దరఖాస్తు నింపడానికి తలెత్తాడు? మా సంఘంలో చాలామంది వాడే చవకరకం టెలిస్కోపుకు జాన్ డాబ్సన్ పేరుంది. ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయపు మఠంలో 23 ఏళ్ళు సన్యాసి. 1967లో మఠం వదిలాక, చేత్తో అరగదీసిన అద్దాలతో టెలిస్కోపులు చేసి, వీధి మొగలో నిలబెట్టి, దారినపోయేవాళ్ళందరినీ పిలిచి చంద్రుణ్ణి చూపించాడు. వేదాంతం చదివినవాడు చేసిన పని అది. మనం గీతా పారాయణం చేసి కిటికీ తెరలు దించుకున్నాము.

ఒక్క ఉదాహరణతో ఆపుతాము. మొన్న ఒక పెళ్ళిలో, హోటలు వెనుక కార్లు నిలిపేచోట, మిట్టమధ్యాహ్నం పంతులుగారు ఆకాశంలోకి వేలు చూపించి, "అదిగో అరుంధతి, కనిపించిందా?" అన్నారు. "కనిపించింది," అన్నారు ఇద్దరూ. పెళ్ళినాడు మొదటి అబద్ధం! తరువాత ఆ దంపతుల్నే ఒక శనివారం రాత్రి మా ఖగోళ సంఘం మైదానానికి తీసుకువెళ్ళాము. సప్తర్షి మండలం తోకలో వసిష్ఠుణ్ణి, పక్కనే అరుంధతిని వట్టి కళ్ళతో చూపించాము. టెలిస్కోపులో చూస్తే వసిష్ఠుడే రెండు నక్షత్రాలుగా విడిపోయాడు. ఆ పెళ్ళికూతురు నవ్వుతూ, "ఇప్పుడు కనిపించిందండీ," అంది. ఆచారం నిలబడింది, అబద్ధం పోయింది. మేము కోరేది ఇంతకన్న ఎక్కువ కాదు.

కార్యవర్గానికి మా అర్జీ మూడు మాటల్లో. ఒకటి, ఇకమీదట కనిపించే గ్రహణం ఏదైనా, సూర్యుడిదైనా చంద్రుడిదైనా, సంఘం పేరుతో అందరం కలిసి చూడాలి. రెండు, పంచాంగ శ్రవణంలో రాశిఫలాల ముందు ఒక పదిహేను నిమిషాలు ఆ ఏడు ఆకాశంలో ఏమేం జరుగుతాయో పంతులుగారే చెప్పాలి. మూడు, ఏటా ఒక వనభోజనం చీకటి ఉన్నచోట పెట్టి, రాత్రి దాకా ఉండాలి. పిల్లలకు వేగుచుక్క, పిల్లలకోడి, సప్తర్షులు అన్న పేర్లు తెలుగులో వస్తాయి. తెలుగు బడిలో అక్షరాలు దిద్దించడమంత పని అది.

2024 నాటి నీడ వెళ్ళిపోయింది. ఈ దేశపు ప్రధాన భూభాగం మీద అలాంటిది 2044 ఆగస్టు దాకా లేదు. ఆ మరుసటి ఏడాది, 2045 ఆగస్టు 12న, కాలిఫోర్నియా నుంచి ఫ్లోరిడా దాకా ఒకటి. ఆ రోజు తలుపు వెనుక కూర్చోబెట్టిన పదేళ్ళ పిల్లకు అప్పటికి ముప్పై ఏళ్ళుంటాయి. ఒళ్ళో బిడ్డ ఉండవచ్చు. తనను కూర్చోబెట్టినట్టే ఆ బిడ్డనూ కూర్చోబెడుతుందా, బయటికి ఎత్తుకొస్తుందా అన్నది మనం ఈలోగా ఏం చేస్తామన్నదాన్ని బట్టి ఉంటుంది.

ప్రతి నెలా అమావాస్యకు దగ్గరి శనివారం రాత్రి మా ఖగోళ సంఘం ఊరి బయట మైదానంలో కలుస్తుంది. రుసుం లేదు. ఏమీ కొనవద్దు, టెలిస్కోపులు అక్కడే ఉంటాయి. స్వెటరు తెచ్చుకోండి. టార్చిలైటుకు ఎర్ర కాగితం చుట్టండి, కారు లైట్లు మైదానం చేరగానే ఆపండి. దారి తెలియనివారు మాతో కారులో రావచ్చు. అమావాస్య కదా అని మాత్రం అడగవద్దు. చుక్కలు బాగా కనిపించేది ఆ రాత్రే.